తోడల్లుడు లోపల, మా మామగారు బయట

మొన్న నేను మొదటిసారి ఓటు వేసి వచ్చాను. చీటీ మడిచి పెట్టెలో పడేసి, గొడుగు తీసుకుని ఇంటికి వచ్చేశాను. ఎవరికి వేశానో పక్కన నిలబడ్డ మా ఆయనకి కూడా తెలియదు. ఇది మా మామగారు చూసి ఉంటే వారం రోజులు తిండి మానేసేవారు. మాంసం కొట్టు కోడలికీ ఇటుకల బట్టీ యజమానికీ ఒకటే చీటీ, ఒకటే పెట్టె! ఆయన రోజుల్లో ఓటుకి బరువుండేది. ఎంత ఆదాయపు పన్ను కడితే అంత బరువు. ఆ బరువు కోసం ఆయన పడ్డ పాట్లు, మా అందరినీ పెట్టిన పాట్లు చెప్పాలంటే ముందు ఆయన తోడల్లుడి సంగతి చెప్పాలి.

మా మామగారు ట్రౌగాట్ బాల్కె. ప్రష్యా రాజ్యంలో, పొమెరేనియా వైపు, స్టైన్‌లోహె అనే చిన్న ఊళ్ళో మాంసం కొట్టు ఆయనది. పొట్టి మనిషి. మీసాలకి మైనం రాసి మొనలు తిప్పేవారు. తూకంలో మోసం ఎరగరు. మొగుడు పోయిన ఆడవాళ్ళకి పులుసు ఎముకలు ఊరికే ఇచ్చేవారు. ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడేవారు. ఇన్ని మంచి గుణాలున్న మనిషికి ఒకే ఒక్క జబ్బు. తోడల్లుడు ఎవాల్డ్ ప్రిల్‌విట్జ్ పేరు చెవిన పడితే చాలు, మెడ దగ్గర్నుంచి చెవుల దాకా ఎర్రబడిపోయేది.

ఆ జబ్బు పాతది. మా అత్తగారు అడెల్‌హైడ్, ఆవిడ చెల్లెలు రోజీనా. వాళ్ళ నాన్న పోతూ పోతూ పెద్దమ్మాయికి ఏటి ఒడ్డున పచ్చటి బీడు రాశాడు, చిన్నమ్మాయికి ఊరి చివర బంకమట్టి దిబ్బ రాశాడు. బీడులో మేసిన పశువులు కొట్టుకి వచ్చేసరికి కండపట్టి నిగనిగలాడేవి. దిబ్బ మీద ముళ్ళపొదలు తప్ప ఏమీ మొలిచేవి కావు. మా మామగారు తోడల్లుడి భుజం తట్టి, "దిగులుపడకోయ్, ఏదీ లేకపోతే మట్టైనా ఉంది" అని నవ్వేవారట.

తరవాత రైలు వచ్చింది. స్టేషనుకి ఇటుకలు కావాలి, గోదాములకి ఇటుకలు కావాలి, జిల్లా పట్నంలో సిపాయిల ఇళ్ళకి ఇటుకలు కావాలి. దిబ్బలో మట్టి చూస్తే ఇటుకల కోసమే పుట్టినట్టుంది. చూస్తూ చూస్తూ ఉండగానే ఎవాల్డ్ బట్టీ పొగగొట్టం చర్చి గోపురమంత ఎత్తు లేచింది. మా కొట్టు గుమ్మంలో నిలబడితే ఎదురుగా కనిపించేది అదే. మా మామగారు గుమ్మంలో నిలబడడం మానేశారు.

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళిన కొత్తలో, కొట్టులో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం, "మామయ్యా, ఈ ఓటు తరగతులేమిటి?" అని అడిగాను. ఆయన పేగులో మాంసం కూరిన పొడుగాటి సాసేజి ఒకటి తీసి బల్ల మీద పరిచారు.

"ఇదిగో హెడ్విగ్, ఊరంతా కట్టే పన్ను ఇదనుకో." కత్తితో మూడు సమానమైన ముక్కలు చేశారు. "అందరికంటే ఎక్కువ కట్టేవాడి దగ్గర్నుంచి లెక్కపెట్టుకుంటూ రా. ఈ మొదటి ముక్క నిండేదాకా ఎంతమంది పడితే అంతమంది మొదటి తరగతి. ఆ తరవాత ఈ ముక్క నింపినవాళ్ళు రెండో తరగతి. మిగతా జనం, బట్టీ కూలీలు, చెప్పులు కుట్టేవాళ్ళు, బడి పంతులు, వీళ్ళంతా కలిసి మూడో ముక్క."

"మరి ఓటు?"

"తరగతికి ఇద్దరు పెద్దమనుషుల్ని ఎన్నుకోవాలి. ఆ ఆరుగురూ జిల్లా పట్నానికి పోయి రాజధాని సభకి మనిషిని పంపుతారు. మూడో తరగతిలో వందలమంది కలిసి ఇద్దరు. మేం ఒక పాతికమందిమి కలిసి ఇద్దరు."

"మొదటి తరగతిలో ఎంతమంది మామయ్యా?"

కత్తి బల్లలోకి దిగబడింది. "ఒక్కడు," అన్నారు.

ఆ ఒక్కడు ఎవరో నేను అడగలేదు.

వెనకటి రోజుల్లో మొదటి తరగతిలో పాత మిల్లు ఆసామీ, ఇంకో ఇద్దరు ముగ్గురు పెద్దలూ ఉండేవారు. వాళ్ళ మీద మా మామగారికి ఏ పేచీ లేదు. వాళ్ళు పుట్టుకతో గొప్పవాళ్ళు, గొప్పవాళ్ళ చోట ఉన్నారు, అంతే. వాళ్ళు పోయాక పన్ను కట్టడంలో ఊళ్ళో ఈయన రెండోవాడయ్యారు. కానీ పద్దెనిమిది వందల తొంభై మూడో సంవత్సరం ఎన్నికలకి ఎవాల్డ్ కట్టిన పన్ను ఒక్కటే మొదటి ముక్కంతా నింపేసింది. రెండోవాడికి కూడా అందులో చోటు మిగల్లేదు.

మా ఊళ్ళో ఓట్లు సత్రం హాల్లో జరిగేవి. ఓటంటే చీటీ కాదు. పేరు పిలిస్తే లేచి, అధికారి ముందు నిలబడి, ఎవరికి వేస్తున్నావో అందరూ వినేలా చెప్పాలి. మొదట మూడో తరగతి. వాళ్ళది కాగానే బయటికి పంపేస్తారు. తరవాత రెండో తరగతి, వాళ్ళనీ పంపేస్తారు. చివరికి తలుపులు మూసి మొదటి తరగతి. ఆ ఏడు మా మామగారు తన ఓటు చెప్పి, అందరితో పాటు బయటికి నడిచి, వెనక్కి తిరిగి చూశారు. మూసుకుంటున్న తలుపు సందులోంచి, ముందు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్న తోడల్లుడు కనిపించాడు.

మిగతావాళ్ళు బీరు తాగడానికి ఎదురు వీధికి పోయారు. ఈయన పోలేదు. సత్రం చూరు కింద నిలబడ్డారు. లోపల్నుంచి నవ్వు వినిపించింది. కాసేపాగి మళ్ళీ నవ్వు. ఒక్కడు ఓటు వేయడానికి ఇంతసేపా? ఇంత నవ్వా? చాలాసేపటికి ఎవాల్డ్ మీసాలు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఏం జరిగిందోయ్ లోపల?" అని మా మామగారు ఉండబట్టలేక అడిగారట.

"తరగతి సంగతులు అన్నయ్యా," అని కన్ను గీటి ఎవాల్డ్ బండెక్కి వెళ్ళిపోయాడు.

అంతే. ఆ రోజు నుంచి మా మామగారికి నిద్ర లేదు. డబ్బు మీద ఏడుపు కాదు. ఆ గదిలోకి వెళ్ళాలి, ఆ నవ్వు ఏమిటో చూడాలి. జిల్లా అధికారి రహస్యాలు చెబుతాడా? రైలు ఎటు పోతుందో చెబుతాడా? వచ్చే ఎన్నికల లోపు ఎలాగైనా మొదటి తరగతిలో పడాలి. ఆయనకి ఇక వేరే పని లేదు.

ఆయన్ని వెక్కిరిస్తున్నానని అనుకోకండి. నాకూ కడుపుమంట ఉండేది. ఎవాల్డ్ కోడలికి పియానో కొనిపెట్టారు. దాని మీద ఒక్క పాట కూడా సరిగ్గా వాయించలేదు ఆ పిల్ల, కానీ కిటికీ తెరిచి మరీ వాయించేది. నేను ఇవతల పేగులు కడుగుతూ వినేదాన్ని. కాబట్టి మా మామగారి బాధ నాకు అర్థమయ్యేది.

ఒక రోజు భోజనాల దగ్గర ఆయన తన ఉపాయం చెప్పారు. "సాసేజి పొడుగైతే మూడో వంతూ పొడుగవుతుంది కదా. అప్పుడు వాడొక్కడూ దాన్ని నింపలేడు. రెండోవాణ్ణి నేను, నేను లోపలికొస్తా. అందుకని ఊరి పన్ను పెరగాలి. ముందు నాది పెంచుతా."

మా ఆయన ఎమిల్ చెంచా వదిలేశాడు. "పన్ను పెంచమని అడుగుతావా నాన్నా?"

"ఏం, తప్పా? ఆదాయం నాది, నోరు నాది."

మా అత్తగారు బంగాళాదుంపలు వడ్డిస్తూ, "ఏమండీ, ఆ గదిలో ఏదో ఉందని మీరు..." అని మొదలుపెట్టింది.

"నీకేం తెలుసే? ఓటు సంగతులు ఆడవాళ్ళకేం తెలుస్తాయి?" అని ఆయన కసిరారు. ఆవిడ గిన్నె లోపలికి తీసుకుపోయింది.

ఎమిల్‌ని వెంటబెట్టుకుని ఆయన జిల్లా పట్నంలో పన్నుల ఆఫీసుకి వెళ్ళారు. అక్కడి గుమాస్తా కాయితం చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడట. "బాల్కె గారూ, అంకె ఎక్కువ పడినట్టుంది. మీ కొట్టుకి ఇంత రాదు."

"రాదని మీరెలా అంటారు? నా సంపాదన నాకు తెలీదా?"

"అయ్యా, తగ్గించమని ఈ బల్ల ముందు ఏడ్చినవాళ్ళని చూశాను..."

"నేను ఏడవను. రాసినంతా వెయ్యండి. పన్నులో ఒక్క మార్కు తగ్గించారో, పైకి అర్జీ పెడతా!" అని బల్ల గుద్దారట. ఎమిల్ ఇంటికి వచ్చి ఆ సంగతి చెబుతూ, నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వాడు.

ఈయన పన్ను ఒక్కటీ చాలదు కదా. అందుకని మందుల షాపు క్నోబ్లాఖ్ కొట్టుకి వస్తే, మాంసం కడుతూ, "రొట్టెల ష్టుబ్బె ఈసారి ఆదాయం బాగా చూపించాడటగా. మీకంటే పైన ఉంటాడని ఊళ్ళో అనుకుంటున్నారు. నేను నమ్మలేదనుకోండి" అనేవారు. ష్టుబ్బె వస్తే క్నోబ్లాఖ్ గురించి అదే మాట. ఇద్దరికీ ఒళ్ళు మండింది. ఇద్దరూ పోటీపడి పైకి రాసుకున్నారు. వాళ్ళని చూసి తోళ్ళ వ్యాపారి, అతన్ని చూసి గడియారాలాయన. మా ఊరు మొత్తం ప్రష్యాలో ఏ ఊరూ చేయని పని చేసింది. ఒకరిమీద ఒకరు కుళ్ళుకుని, లేని ఆదాయాలు చూపించి, ఉన్న డబ్బు ప్రభుత్వానికి కట్టింది.

ఈ పన్నుతో అయిపోతే బాగుండేది. ఊరి పన్ను దాని మీదే లెక్క, చర్చి పన్ను దాని మీదే లెక్క. ఒకటి పెరిగితే అన్నీ లేచాయి. తాఖీదులు వచ్చాక క్నోబ్లాఖూ ష్టుబ్బే మాట్లాడుకుని, ఎవరి వల్ల ఇలా జరిగిందో తెలుసుకుని, మాంసం పక్క ఊరి నుంచి తెప్పించుకోవడం మొదలుపెట్టారు. కొట్టులో బేరాలు పడిపోయాయి. పన్ను మాత్రం పడిపోలేదు. చివరికి ఒక గుర్రాల బేరగాడు మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. ఏటి ఒడ్డు బీడు కొంటానన్నాడు.

బీడు మా అత్తగారిది. ఆవిడ సంతకం లేనిదే కుదరదు. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి సంతకం పెట్టింది. "నాన్న నాకిచ్చింది ఇదొక్కటే," అంది, అంతే. మా మామగారు కిటికీలోంచి పొగగొట్టం వైపు చూస్తూ ఉండిపోయారు. ఆ రోజు నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందంటే, చేతిలో కత్తి పక్కన పెట్టి దొడ్లోకి వెళ్ళిపోయాను.

తొంభై ఎనిమిదో సంవత్సరం ఎన్నికల ముందు తరగతుల జాబితా ఊరి కచేరీ గోడకి వేశారు. మొదటి తరగతి: ఇద్దరు. మా మామగారు అక్కడే నిలబడి, వచ్చినవాళ్ళందరికీ దారి ఇస్తూ, వాళ్ళు చదవడం చూశారు.

ఓట్ల రోజున అధికారులకి వేడి సాసేజిలు మా ఇంటి నుంచే పోయేవి, ఎప్పుడూ అదే వాడుక. మా అత్తగారు ఒక చెవి, నేను ఒక చెవి పట్టుకుని గుండిగ మోసుకుంటూ సత్రం వెనక వంటింట్లోంచి వెళ్ళాం. వంటింటి తలుపు సందులోంచి హాలంతా కనిపిస్తోంది. బట్టీ కూలీలు ఒక్కొక్కరే లేచి, గోడ వారన నిలబడ్డ మేస్త్రీ వైపు చూస్తూ, అతను చెప్పమన్న పేర్లు చెప్పి వెళ్ళిపోయారు. తరవాత రెండో తరగతి. మా మామగారి పేరు పిలవలేదు. ఆయన ముందు బల్ల మీద కూర్చుని ఉన్నారు, పాదాలు నేలకి అందక ఊగుతున్నాయి. క్నోబ్లాఖ్ బయటికి పోతూ ఆయన్ని కొరికేసేలా చూశాడు. ఆ చూపుకి మా మామగారి మొహం వెలిగిపోయింది. పెళ్ళిలో కూడా ఆయన అలా ఉండి ఉండరు.

తలుపులు మూశారు.

"ఎవాల్డ్ ప్రిల్‌విట్జ్," అని అధికారి పిలిచాడు. ఎవాల్డ్ లేచి రెండు పేర్లు చెప్పాడు.

"ట్రౌగాట్ బాల్కె." మా మామగారు లేచి, చర్చిలో పాడే గొంతుతో, అవే రెండు పేర్లు చెప్పారు. ఇంత చేసి, బీడు అమ్మి, తోడల్లుడు చెప్పిన పేర్లే చెప్పారు. నిజానికి రాజకీయాల్లో ఆయనకి వేరే అభిప్రాయం ఎప్పుడూ లేదు.

అధికారి రాసుకుని కలం పక్కన పెట్టాడు. "అయిపోయింది. సాసేజిలు వచ్చాయా?"

మా మామగారు నిలబడే ఉన్నారు. "తరవాత?" అన్నారు.

"తరవాతేముంది? తినడమే," అన్నాడు అధికారి.

మా అత్తగారు పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళింది. నేను వెనక ఆవాల ముద్ద గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఎవాల్డ్ బల్ల మీద జరిగి చోటిచ్చాడు. "కూర్చో అన్నయ్యా. ఇప్పుడే బయటికి పోకు. ఇంత తొందరగా అయిపోయిందని వాళ్ళకి తెలిస్తే పరువుండదు."

"మరి ఆ నవ్వు?" అన్నారు మా మామగారు. "పోయినసారి నవ్వావు కదా. నేను విన్నాను."

"నీకు వినపడాలనే నవ్వాను. చూరు కింద నువ్వున్నావని నాకు తెలుసు." ఎవాల్డ్ సాసేజి కొరికి, నమిలి, నెమ్మదిగా అన్నాడు. "మీరంతా కలిసి బీరుకి పోయారు. కిటికీలోంచి చూశాను. నన్ను ఎవరూ పిలవరు. ఇక్కడ ఒక్కణ్ణే కూర్చున్నా. నవ్వకపోతే ఏడుపొచ్చేలా ఉంది."

మా మామగారు బల్ల మీద కూలబడ్డారు. ఆయన్ని ఊరడించాలనే అనుకుంటాను, ఎవాల్డ్ మోచేత్తో పొడిచాడు. "బీడు గురించి దిగులుపడకు. బేరగాడి దగ్గర నేనే కొన్నాను. పరాయివాడి చేతికి పోలేదు. ఇంట్లోనే ఉంది."

మా అత్తగారు అధికారి దగ్గర్నుంచి వడ్డించడం మొదలుపెట్టింది. ఆవిడ ఒక్కొక్కరి ముందూ సాసేజి పెట్టింది, మొగుడి ముందు కూడా పెట్టింది, వచ్చేసింది. వంటింట్లో నాతో, "ఆవాల గిన్నె నీ చేతిలోనే ఉండిపోయింది, వెళ్ళి పెట్టిరా" అంది.

నేను మళ్ళీ వెళ్ళేసరికి ఎవాల్డ్ గొంతు తగ్గించి, "నవ్వు అన్నయ్యా, బయట క్నోబ్లాఖ్ ఉన్నాడు" అంటున్నాడు. మా మామగారు నవ్వారు. గట్టిగా, రెండుసార్లు. అలాంటి నవ్వు నేను మళ్ళీ వినలేదు, వినాలని లేదు.

తరవాత జరిగింది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బీడు మీద గడ్డి ఇప్పుడు ఎవాల్డ్‌ది, దాని ఆదాయం ఎవాల్డ్‌ది, ఆ మేరకు అతని పన్నూ పెరిగింది. బీడు లేని మా కొట్టుకి బక్క పశువులు వచ్చేవి. పోయిన ఖాతాదారులు తిరిగి రాలేదు. మా మామగారికి లేని ఆదాయం చూపించే ఓపిక కూడా పోయింది, ఊళ్ళో మిగతావాళ్ళు అంతకుముందే మానేశారు. మళ్ళీ ఎన్నికలొచ్చేసరికి మొదటి తరగతి: ఒక్కడు.

ఆ రోజు సన్నగా జల్లు పడుతోంది. మా అత్తగారూ నేనూ ఖాళీ గుండిగ పట్టుకుని వెనక దారిన బయటికొచ్చాం. రెండో తరగతివాళ్ళంతా బీరుకి పోయారు. మా మామగారు చూరు కింద, మూసిన తలుపు పక్కన నిలబడి ఉన్నారు. మీసాల మైనం పట్టు తప్పి మొనలు కిందికి వాలాయి. లోపల్నుంచి నవ్వు వినిపించింది.

"విన్నావా?" అన్నారు మా అత్తగారితో. "ఎందుకు నవ్వాడంటావు?"

"ఎందుకు నవ్వుతాడో మీకు తెలుసు కదండీ. మీరూ నవ్వి వచ్చారు."

"అప్పటి సంగతి వేరే. ఈసారి నిజంగానే ఏదో ఉంది."

మా అత్తగారు గుండిగ కింద పెట్టింది. "ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ గదిలోకి సాసేజిలు మోసింది నేను. ఆ మొదటిసారి కూడా నేనే మోశాను. ఒక్కడూ కూర్చుని తిన్నాడు. అప్పుడే నన్ను ఒక్క మాట అడిగి ఉంటే, నాన్న బీడు నాకు మిగిలేది."

లోపల మళ్ళీ నవ్వాడు. మా మామగారు చెయ్యెత్తి ఆవిడని ఆగమన్నారు. చెవి తలుపుకి ఆనించి ఉన్నారు.